లూనార్ సిల్వర్ కాయిన్స్: కొత్తగా కొనేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

లూనార్ కాయిన్ అంటే ఏంటి అసలు?

ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడిపుంజు, కుక్క, పంది. చైనా లెక్కలో ఈ 12 జంతువులు ఇదే వరసలో ఏడాదికొకటి చొప్పున వస్తుంటాయి, పంది అయిపోగానే మళ్లీ ఎలుక. ఏ ఏడాది ఎవరి వంతో ఆ జంతువు బొమ్మతో మింట్లు, అంటే నాణేలు తయారుచేసే టంకశాలలు, కొట్టే కాయిన్లే లూనార్లు. బంగారంలో కూడా వస్తాయి గానీ ఇక్కడ వెండి సంగతే మాట్లాడుకుందాం, బంగారం నా జేబుకి ఎప్పుడూ అందలేదు.

మామూలు సిల్వర్ కాయిన్‌కీ దీనికీ తేడా ఏముంది, వెండి వెండే కదా?

వెండి వెండే, కరిగిస్తే రెండూ ఒకటే. కానీ మామూలు బులియన్ కాయిన్, అంటే ముఖ్యంగా లోహం విలువ చూసి కొనేది, దాని బొమ్మ సాధారణంగా మారదు, ఎంతమంది అడిగితే అన్ని కొడతారు. అమెరికా సిల్వర్ ఈగిల్‌నే చూడండి, 1986లో మొదలైతే 2021 మధ్య వరకు వెనక అదే గద్ద. లూనార్ అలా కాదు, ప్రతి ఏడాదీ కొత్త బొమ్మ, చాలా సైజుల్లో ఇన్నే కొడతాం అని ముందే లెక్క చెప్పేస్తారు, ఆ లెక్కనే మింటేజ్ అంటారు. అందుకే వెండి మార్కెట్ రేటు మీద కాస్త ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, ఆ ఎక్కువకే ప్రీమియం అని పేరు.

ఈ పేజీలో ఎక్కడ చూసినా నేను తిప్పి తిప్పి చెప్పేది ఒకటే, మీరిచ్చే డబ్బులో వెండికి ఎంత పోయింది, బొమ్మకి ఎంత పోయింది అని కొనే ముందే విడదీసి చూసుకోండి. వెండి రేటు పెరిగినా తగ్గినా ప్రపంచమంతా ఒకటే, బొమ్మ రేటు మాత్రం ఎదుటివాడి మోజు మీద ఆధారపడుతుంది.

అందరూ పెర్త్ మింట్, పెర్త్ మింట్ అంటారేంటి?

ఆస్ట్రేలియాలో పెర్త్ సిటీలో ఉన్న మింట్ అది, 1899లో బ్రిటన్ రాయల్ మింట్‌కి బ్రాంచిగా తెరిచారు, 1970లో వెస్టర్న్ ఆస్ట్రేలియా ప్రభుత్వం చేతికి వచ్చింది. లూనార్ బులియన్‌ని బాగా పాపులర్ చేసింది వీళ్లే. 1996లో బంగారంతో మొదలెట్టారు, వెండిది 1999లో కుందేలుతో వచ్చింది. కాయిన్ మీద బొమ్మ పక్కనే చిన్నగా పి అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, అదే వాళ్ల మింట్ మార్క్.

సిరీస్ 1, 2, 3 అంటుంటారు, ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ తికమకపడతారు, నేనూ పడ్డాను, అందుకే కొంచెం సాగదీసి చెప్తా.

వెండిలో సిరీస్ 1 అంటే 1999 కుందేలు నుంచి 2010 పులి దాకా. మామూలుగా అయితే ఇది అయిపోయాక సిరీస్ 2 రావాలి కదా, కానీ బంగారం సిరీస్ 1996 ఎలుకతో మొదలైంది కాబట్టి అది 2007తో ముగిసింది, దాంతో సిరీస్ 2ని రెండు లోహాల్లోనూ కలిపి 2008 ఎలుక నుంచే మొదలుపెట్టేశారు. అంటే వెండిలో 2008 ఎలుక, 2009 ఎద్దు, 2010 పులి, ఈ మూడేళ్లకీ రెండేసి కాయిన్లు ఉన్నాయన్నమాట, ఒకటి సిరీస్ 1, ఒకటి సిరీస్ 2, బొమ్మలు వేరు. ఆన్‌లైన్‌లో "2010 పులి" అని చూసి ఆర్డర్ పెట్టేసి, వచ్చాక "ఇది నాక్కావాల్సింది కాదు" అని తల పట్టుకునేవాళ్లు బోలెడుమంది. ఫోటో చూడకుండా ఏడాది పేరు మాత్రమే చూసి కొనొద్దు.

సిరీస్ 2 అలా 2019 పంది దాకా నడిచింది. 2020 ఎలుకతో సిరీస్ 3 మొదలైంది, ఇది 2031 పందితో అయిపోతుంది.

చేతిలోకి తీసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. సిరీస్ 2 ఒక ఔన్స్ కాయిన్ వెడల్పు 45.6 మిల్లీమీటర్లు, అదే బరువుకి ఇంత వెడల్పు అంటే పల్చగా, పళ్లెంలా ఉంటుంది, బొమ్మకి చోటు ఎక్కువ దొరుకుతుంది. సిరీస్ 1, సిరీస్ 3 మాత్రం 41కి కాస్త తక్కువ, మందంగా చేతికి బరువుగా తగులుతాయి. నాకైతే సిరీస్ 2నే ఇష్టం. ఇంకో సంగతి, విడిగా క్యాప్సూల్స్, అంటే కాయిన్ పెట్టుకునే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలు, కొనేటప్పుడు ఈ కొలత గుర్తుపెట్టుకోండి, నేను ఒకసారి 41 సైజు క్యాప్సూల్స్ ఒక డజను తెచ్చుకుని కూర్చున్నా, ఒక్క సిరీస్ 2 కాయిన్ కూడా అందులో పట్టలేదు.

సిరీస్ 3లో వెండి స్వచ్ఛత 99.99 శాతం, పాత సిరీస్ 1లో 99.9. రేటులో ఈ తేడాకి విలువేమీ ఉండదు, ఎవరైనా దాన్ని చూపించి ఎక్కువ అడిగితే నవ్వేసి వెళ్లిపోండి.

3 లక్షల మింటేజ్ అంటే తక్కువేనా?

సిరీస్ 2, 3 రెండింట్లోనూ పెర్త్ మింట్ ఒక ఔన్స్ వెండి బులియన్‌కి పెట్టుకున్న పరిమితి 3 లక్షలు. మిలియన్లలో కొట్టే ఈగిల్స్‌తో పోలిస్తే తక్కువే. అలాగని అరుదైన కాయిన్ అనుకుంటే మాత్రం పొరపాటు, ప్రపంచం మొత్తం మీద 3 లక్షలంటే అడిగిన ప్రతివాడికీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, కొంచెం ఎక్కువ పెట్టాలంతే. అమ్మేవాళ్లు "లిమిటెడ్" అనే మాట వాడినంత ఈజీగా మీరు నమ్మకండి.

డ్రాగన్‌కే ఎందుకంత రేటు?

మిగతా 11 జంతువులు మనం చూసినవే, డ్రాగన్ ఒక్కటే ఊహ. చైనాలో డ్రాగన్ అంటే చక్రవర్తి గుర్తు, శుభం, బలం. డ్రాగన్ ఏడాదిలో పిల్లలు పుడితే మంచిదని నమ్మేవాళ్లు ఎక్కువ. పైగా బొమ్మగా కూడా అదే బాగుంటుంది, పొలుసులు, మీసాలు, గోళ్లు, మేఘాలు, చెక్కేవాడికి పండగే.

2012 డ్రాగన్ సిరీస్ 2ది వచ్చినప్పుడు "ఏముందిలే, వచ్చే నెల కొందాం" అనుకుని ఊరుకున్నా, వచ్చే నెల చూసేసరికి మింట్ దగ్గర ఖాళీ, డీలర్లేమో రేటు పెంచేసి కూర్చున్నారు. చివరికి కొన్నాను, ఎంతకి అని మాత్రం అడక్కండి. ఆ దెబ్బతో 2024 డ్రాగన్‌ని మొదటి వారంలోనే తీసుకున్నా, అదేమో ఆ తర్వాత కూడా వెండి రేటు మీద పెద్ద తేడా లేకుండానే దొరికింది. 2012లో అలా జరిగింది కదా అని ప్రతి డ్రాగనూ అలాగే ఎగరదు, అందరూ ముందే కొని దాచిపెట్టుకుంటే ఇంక ఎవరు ఎవరికి అమ్ముతారు?

డ్రాగన్ తర్వాత ఎక్కువ అడిగేది పులి, గుర్రం. ఎలుక, పంది, మేక చివర్లో ఉంటాయి పాపం.

ఎలుకా చుంచా, మేకా గొర్రా? ఒక్కో కాయిన్ మీద ఒక్కోలా ఉంటుందేం?

చైనీస్‌లో రెండింటికీ ఒకటే మాట వాడతారు, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఎవరికి నచ్చింది వాళ్లు రాసుకుంటారు. పెర్త్ వాళ్లు 2020ని చిట్టెలుక అని పెడితే బ్రిటన్ వాళ్లు ఎలుక అని పెట్టారు, 2015లో పెర్త్ మేక అంటే బ్రిటన్ గొర్రె అంది. ఏదీ తప్పు కాదు, ఫేక్ అని కంగారు పడొద్దు.

మా బాబు 2024 జనవరిలో పుట్టాడు, డ్రాగన్ కాయిన్ గిఫ్ట్ ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, కానీ బాబు డ్రాగన్ కాదు, కుందేలు. చైనా కొత్త సంవత్సరం జనవరి 1న మొదలవదు, జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మూడో వారం మధ్యలో చంద్రుణ్ని బట్టి మారుతుంటుంది. డ్రాగన్ ఏడాది 2024 ఫిబ్రవరి 10న మొదలైంది, పాము 2025 జనవరి 29న, గుర్రం 2026 ఫిబ్రవరి 17న, మేక 2027 ఫిబ్రవరి 6న. కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్లకి కొనేటప్పుడు తేదీ చూసుకుని కొనండి, ఈ లెక్కలు తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తే మొదట పట్టుకునేది అదే. కాయిన్ మీద ముద్రించిన ఏడాది మాత్రం మామూలు ఇంగ్లిష్ ఏడాదే, పైగా మింట్లు దాన్ని ముందు ఏడాది చివర్లోనే అమ్మకానికి పెట్టేస్తాయి, అది వేరే తికమక.

ఇంకా లోతుగా వెళ్లేవాళ్లకి, 12 జంతువులకి అయిదు మూలకాలు కలిపి మొత్తం 60 ఏళ్ల చక్రం ఉంది. 2026 అగ్ని గుర్రం, దీని ముందు అగ్ని గుర్రం 1966లో వచ్చింది.

ఏ సైజు కొనాలి?

ఒక ఔన్స్. అంటే ట్రాయ్ ఔన్స్, 31.1 గ్రాములు, వంటింటి ఔన్స్ 28 గ్రాములది, రెండూ కలిపేసుకోవద్దు.

అర ఔన్స్ చిన్నగా ముద్దొస్తుంది గానీ గ్రాముకి లెక్కేస్తే ప్రీమియం ఎక్కువ పడుతుంది. కిలో కాయిన్‌లో గ్రాముకి తక్కువ పడుతుంది, టేబుల్ మీద పెడితే దర్జాగా ఉంటుంది, కానీ అమ్మాలంటే అంత డబ్బు ఒకేసారి పెట్టేవాణ్ని వెతకాలి, సగం కోసి అమ్మలేం కదా. 10 కిలోలవి కూడా కొట్టారు, అవి చూసి ఆనందించడానికి.

కాయిన్ మీద ఒక డాలర్ అని ఉంది, అంటే దాని విలువ డాలరేనా?

అది పేరుకే. ఆస్ట్రేలియాలో చట్టబద్ధమైన నాణెం అని చెప్పడానికి ఒక ఔన్స్ మీద 1 డాలర్, కిలో మీద 30 డాలర్లు అని వేస్తారు. లెక్క చూడండి, కిలోలో 32 ఔన్సుల పైన వెండి ఉంటుంది, దాని మీద 30 అని ఉంది, ఒక ఔన్స్ మీద 1 ఉంది, ఆ నంబరుకీ లోపలి వెండికీ సంబంధం లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి. కొట్లో ఇచ్చి చాక్లెట్ కొనుక్కుంటానంటే ఎవరూ ఆపరు.

ముందు వైపు ఒకదాని మీద రాణి ఉంది, ఒకదాని మీద రాజు ఉన్నాడు, ఏది కరెక్ట్?

రెండూ. చాలా ఏళ్లు రెండో ఎలిజబెత్ రాణి, 2024 డ్రాగన్ మీద ఆవిడ బొమ్మతో పాటు 1952-2022 అని పాలించిన ఏళ్లు, 2025 పాము నుంచి మూడో చార్లెస్ రాజు.

పెర్త్ కాకుండా ఇంకెవరు కొడతారు?

చైనాయే ముందు చెప్పుకోవాలి, వాళ్ల జంతువులే కదా. అక్కడ 1981లో కోడిపుంజుతో మొదలైంది, ఆ మొదటి చక్రంలో వెండివి 15 గ్రాములవి, 1992 కోతి దాకా నడిచాయి. షూ బేహోంగ్ లాంటి చిత్రకారుల పెయింటింగ్స్‌ని కాయిన్ మీదకి తెచ్చారు, ఆ గీతలు చూస్తే కుంచెతో గీసినట్టే ఉంటాయి. వాటిని బులియన్ అనకూడదు, అసలైన కలెక్టర్ కాయిన్లు, రేట్లు కూడా అలాగే ఉంటాయి. తర్వాత గుండ్రంవే కాకుండా పువ్వు ఆకారంలో, విసనకర్ర ఆకారంలో కూడా తెచ్చారు.

సింగపూర్ కూడా 1981 కోడిపుంజుతోనే మొదలెట్టింది. కెనడా 1998 పులి నుంచి 2009 ఎద్దు దాకా 15 డాలర్ల కాయిన్లు తెచ్చింది, స్టెర్లింగ్ వెండి, అంటే 92.5 శాతం, మధ్యలో బంగారు పూత వేసిన ఎనిమిది పలకల బిళ్ల, అందులో జంతువు. అందంగా ఉంటాయి, కానీ వెండి శాతం తక్కువని మర్చిపోయి ఔన్స్ లెక్కన కొనకండి.

బ్రిటన్ రాయల్ మింట్ 2014 గుర్రంతో మొదలుపెట్టింది, డిజైన్ వూన్-గీన్ హో అనే కళాకారిణిది. బులియన్‌ది 2 పౌండ్ల కాయిన్, ప్రూఫ్, అంటే కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా మెరిసేలా కొట్టేది, దానికి మాత్రం 8,888 అని పరిమితి పెట్టారు, చైనాలో 8 అంటే కలిసొచ్చే నంబర్ కాబట్టి. 4 మాత్రం అలా కాదు, ఆ మాట చావు అనే మాటలా పలుకుతుందని వాళ్లు దాన్ని దూరం పెడతారు.

ఆ 2014 గుర్రంలో ఏదో తప్పు కాయిన్ ఉందట, నిజమేనా?

నిజమే, ఈ హాబీలో నాకు బాగా నచ్చిన కథ ఇదే. రాయల్ మింట్‌లో అదే టైంలో బ్రిటానియా అనే వాళ్ల మామూలు సిల్వర్ బులియన్ కాయిన్లు కూడా కొడుతున్నారు, రెండిటికీ ముందు వైపు రాణి బొమ్మే, చూడ్డానికి ఒకేలా ఉంటుంది. ఎక్కడో డైలు, అంటే బొమ్మ ముద్రించే అచ్చులు, తారుమారయ్యాయి. గుర్రం కాయిన్లు దాదాపు 38,000 బ్రిటానియా ముందు భాగంతో, బ్రిటానియాలు దాదాపు 17,000 గుర్రం ముందు భాగంతో బయటికెళ్లిపోయాయి.

గుర్తుపట్టడం ఎలాగంటే, కాయిన్‌ని రాణి వైపు తిప్పి అంచు దగ్గర చూడండి. సరైన గుర్రం కాయిన్‌కి అంచు లోపల నున్నగా ఉంటుంది, తప్పు దానికి చుట్టూ చిన్న చిన్న పళ్లలాంటి గీతలు వరసగా ఉంటాయి. బ్రిటానియాకి దీనికి రివర్స్, పళ్లు ఉంటే సరైనది, లేకపోతే తప్పుది. భూతద్దం కూడా అక్కర్లేదు. మీ దగ్గర 2014 గుర్రం ఉంటే చదవడం ఆపి ఒకసారి తీసి చూడండి.

ఫేక్‌వి వస్తున్నాయట, ఎలా పట్టుకోవాలి?

వస్తున్నాయి, అదీ బాగా వస్తున్నాయి, ఎక్కువమంది ఆశపడే బొమ్మలకే ఎక్కువ వస్తాయి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర మార్కెట్ కంటే తక్కువకి వస్తోందని నేనొకటి కొన్నా, పార్సిల్ విప్పగానే మెరుపు చూసి మురిసిపోయా. త్రాసు మీద పెడితే 31.1, కరెక్ట్. అక్కడితో ఆగిపోతే ఇప్పటికీ అది నా డబ్బాలోనే ఉండేది.

తర్వాత నీళ్ల పరీక్ష చేశా. చిన్న డిజిటల్ త్రాసు, కనీసం 0.01 గ్రాము చూపించేది కావాలి. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి జీరో చేయండి, కాయిన్‌ని సన్న దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగునీ గోడల్నీ తగలకుండా వేలాడదీయండి. అప్పుడు త్రాసు చూపించే నంబరే కాయిన్ పక్కకి నెట్టిన నీళ్ల బరువు. వెండి సాంద్రత 10.49 కాబట్టి ఒక ఔన్స్‌కి 2.96 దగ్గర రావాలి. నాది 3.6 చూపించింది, అంటే లోపల ఇత్తడి లాంటిదేదో ఉంది, పైన వెండి పూత. బరువు సరిపెట్టడానికి కాయిన్ మందం పెంచారు, అది కంటికి ఆనలేదు.

మాగ్నెట్ టెస్ట్ కూడా చేయండి, కానీ అంటుకోలేదు కాబట్టి వెండి అనుకోవద్దు, ఇత్తడి, రాగి కూడా అంటుకోవు. గట్టి నియోడిమియం మాగ్నెట్‌ని ఏటవాలుగా పెట్టిన కాయిన్ మీద వదిలితే, వెండి అయితే అది జర్రున జారకుండా నిదానంగా దిగుతుంది, ఎవరో పట్టుకుని దింపుతున్నట్టు. సిరీస్ 3 కాయిన్లలో బొమ్మ వైపు ఒకచోట లేజర్‌తో చెక్కిన బుల్లి అక్షరం ఉంటుంది, భూతద్దంతో కనిపిస్తుంది, అదొక సెక్యూరిటీ గుర్తు.

అన్నిటికంటే ముందు, వెండి రేటు కంటే తక్కువకి లూనార్ ఎవడూ ఊరికే అమ్మడు.

కాయిన్ మీద తెల్ల మచ్చలు వచ్చాయి, ఏం చేయాలి?

వీటిని మిల్క్ స్పాట్స్ అంటారు, పాలు చిందినట్టు ఉంటాయి. మింట్‌లో కడిగినప్పుడు మిగిలిపోయిన కెమికల్ వేడికి లోహంలో దిగిపోవడం వల్ల వస్తాయని చెప్తారు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడతాయి. అన్ని మింట్లకీ ఉన్న గొడవే. ఏమీ చేయొద్దు.

నల్లబడితే తోమొచ్చా?

వద్దు. నల్లదనం గాలిలోని సల్ఫర్ వల్ల వస్తుంది, దాని వల్ల వెండికేం నష్టం లేదు. నేను 2009 ఎద్దుని టూత్‌పేస్ట్‌తో తోమాను. తళతళలాడింది, లైట్ కింద తిప్పి చూస్తే ఎద్దు వీపు మీద వెంట్రుకల్లాంటి గీతలు వందలు. దాన్ని ఒక డీలర్‌కి చూపిస్తే ఒక్క చూపు చూసి వెండి రేటే చెప్పాడు, బొమ్మకి పైసా కట్టలేదు, అతన్ని అనడానికి ఏమీ లేదు.

కాయిన్‌ని అంచులు పట్టుకుని తీయండి, క్యాప్సూల్ లోంచి వీలైనంత వరకు తీయకండి, మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి, అవి కొన్నాళ్లకి పచ్చటి జిగురు వదులుతాయి.

గ్రేడింగ్ చేయించాలా?

పీసీజీఎస్, ఎన్‌జీసీ అని రెండు అమెరికా కంపెనీలు 70కి మార్కులేసి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఇస్తాయి. మామూలు బులియన్ లూనార్‌కి ఆ ఫీజు, పంపే ఖర్చు కలిపితే కాయిన్ రేటుని దాటిపోవచ్చు. పాత డ్రాగన్, ఆ తప్పు గుర్రం లాంటివైతే ఆలోచించండి, అది కూడా అసలుదో కాదో తేల్చుకోవడానికి.

కలర్‌వి, బంగారు పూతవి, ప్రూఫ్‌వి?

ప్రూఫ్ అంటే పాలిష్ చేసిన డైలతో కొట్టి, బాక్స్, సర్టిఫికెట్‌తో ఇచ్చేది, నచ్చితే కొనుక్కోండి, కానీ అది ఖర్చు, పెట్టుబడి కాదు. రంగులేసినవి పిల్లలకి బాగుంటాయి.

మళ్లీ అమ్మితే లాభం వస్తుందా?

ఎప్పుడు కొన్నారన్నదే సగం ఆట. 2011 ఏప్రిల్‌లో వెండి ఔన్స్ 49 డాలర్ల దాకా పోయింది, 2020 మార్చిలో 12 కిందకి పడింది. ఆ ఏప్రిల్‌లో కుందేలు కొన్నవాణ్ని మింటేజ్, బొమ్మ ఏదీ కాపాడలేదు. అదే ఆ మార్చిలో ఎలుక కొన్నవాడు బొమ్మ ఎవరికీ నచ్చకపోయినా నిశ్చింతగా ఉన్నాడు.

అమ్మేటప్పుడు ఒరిజినల్ క్యాప్సూల్, కొన్న బిల్లు ఉంటే బేరం తొందరగా తెగుతుంది. 12 జంతువుల పూర్తి సెట్ అయితే విడివిడిగా కంటే బాగా పోతుంది, ఎందుకంటే కొనేవాడికి ఎలుక, పంది కోసం వెతికే పని తప్పుతుంది. విడిగా మాత్రం డ్రాగన్ వెంటనే పోతుంది, పులి వారంలో పోతుంది. నా దగ్గర 2019 పందులు ఇంకా మూడున్నాయి, ఎవరికైనా సెట్‌లో అదొక్కటే తక్కువైతే చెప్పండి.